కోసిన తర్వాతే అసలు పని: మా ఇంటి మూలికల వ్యాపారంలో తొలినాళ్ల తిప్పలు

మొక్కలు పెంచడం మా ఇంట్లో అందరికీ వచ్చు. ఏ మొక్క ఏ నేలలో బాగా వస్తుందో అమ్మ చూడగానే చెప్పేస్తుంది. నీళ్లూ ఎరువుల సంగతి నాన్నకు కొట్టిన పిండి. బాబాయి ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు కాబట్టి అమ్మకాలు ఆయనకు వదిలేశాం. ఫొటోలూ లేబుళ్లూ చెల్లి చూసుకుంటుంది, లెక్కలు నావి. ఇంతమంది ఉన్నాక ఎండబెట్టిన ఆకులూ వేర్లూ ప్యాకెట్లలో పెట్టి అమ్మడం ఏమంత పని అనుకున్నాం.

మొక్క బతికుండగా ఏం చేయాలో మాకు తెలుసు. కోసిన తర్వాత దానికి ఏమవుతుందో మాత్రం ఇంట్లో ఒక్కరికీ తెలియదు. వ్యాపారమంతా ఉన్నది అక్కడే.

మొదటి పెద్ద కోత పుదీనా. ఎండెక్కకముందే తెమిలిపోతే బాగుంటుందని తెల్లవారుతూనే మొదలుపెట్టాం. ఆకు మీద మంచు తడి ఇంకా ఆరలేదు. కోసింది కోసినట్టు సంచుల్లో కుక్కి, నీడలో ఒకదాని మీద ఒకటి పేర్చాం. ఆరబెట్టే వల బల్లలకు ఇంకా మేకులు కొడుతున్నారు. "నీడలోనే ఉంది కదా, మధ్యాహ్నం పరుద్దాంలే" అన్నారు నాన్న. మధ్యాహ్నం సంచి మూతి విప్పి లోపల చెయ్యి పెట్టిన చెల్లి గబుక్కున వెనక్కి లాక్కుంది. "అన్నయ్యా, లోపల వేడిగా ఉంది, ఎవరైనా వేడినీళ్లు పోశారా?" అంది. ఎవరూ ఏమీ పోయలేదు. పైన ఉన్న ఆకు పచ్చగానే ఉంది. మధ్యలో ఉన్నది నల్లబడి, జిగటగా తయారై, పుల్లటి వాసన కొడుతోంది.

కోసినంత మాత్రాన ఆకు చచ్చిపోదు. ఇంకా కొన్ని గంటలపాటు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. పలచగా పరిస్తే ఆ వేడి గాలికి పోతుంది. కుక్కితే ఎటూ పోలేక లోపలే పేరుకుంటుంది. దానికి మంచు తడి తోడైతే సూక్ష్మజీవులకు అంతకన్నా ఏం కావాలి? నలిగిన ఆకు గాలి తగిలి నల్లబడటం సరేసరి. అప్పటి నుంచి మంచు ఆరాక, ఎండ ముదరకముందు మాత్రమే కోస్తున్నాం. సంచులు పోయి గాలి ఆడే బుట్టలు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఖాళీ బల్లలు ఎన్ని ఉన్నాయో చూసుకుని అంతే కోస్తాం. ఈ చివరి మాట మా నాన్నకు ఇప్పటికీ రుచించదు. ఆయన లెక్కలో పంట కోతకు వచ్చిందంటే కోసేయాల్సిందే.

తర్వాతి దెబ్బ ఎండది. ఎండ ఊరికే వస్తుంది కదా అని తులసిని డాబా మీద పరిచాం. ఆకు తొందరగానే గలగలలాడింది, భలే ఆరిందని సంబరపడ్డాం. తీరా చూస్తే రంగు ఎండుగడ్డిలా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన లేదు. తులసి, పుదీనా ఆకుల్లో సుగంధ తైలం ఆకు పైపొర మీద ఉండే అతి చిన్న తిత్తుల్లో ఉంటుంది. మనం తాకగానే గుప్పుమనేది అవి పగిలినందుకే. అంత పైనే ఉన్న తైలం వేడికి ఎగిరిపోక ఏం చేస్తుంది? నిమ్మగడ్డి సంగతి వేరు, దాని తైలం ఆకు లోపలి కణాల్లో ఉంటుంది కాబట్టి కాస్త మొరటుగా చూసినా తట్టుకుంటుంది. వాసన ఉన్న ఆకులకు నీడ, గాలి, 35 నుంచి 40 డిగ్రీల లోపు వేడి ఉండాలి. అంతకన్నా పెంచితే పని తొందరగా అవుతుంది, సరుకు మాత్రం పనికిరాకుండా పోతుంది. ఇప్పుడు ఒక గదికి కిటికీలన్నీ నల్ల గుడ్డతో కప్పి, ఒక పక్క ఫ్యాన్లు, ఇంకో పక్క గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ పెట్టాం. గోడకు తేమ చూపించే మీటరు ఉంటుంది. రాత్రిపూట బయట గాలిలో చెమ్మ పెరిగితే, పగలంతా ఆరిన ఆకు మళ్లీ ఆ చెమ్మను తాగేస్తుందని ఆ మీటరు వచ్చాకే తెలిసింది. అంతకుముందు నాన్న "గాలి తగలనీయండి" అని రాత్రి కిటికీలు తీసి పెట్టేవారు!

ఇక తరుగు. ఇది పంట నష్టం కాదు, లెక్క నష్టం. బాబాయి ఒక పెద్ద కొనుగోలుదారుతో మాట్లాడి పుదీనా ఆర్డర్ తెచ్చాడు. మడి చూశాడు, ఇన్ని కిలోలు వస్తుందని అంచనా వేశాడు, అన్ని కిలోలు ఇస్తామని మాట ఇచ్చేశాడు. ఆయన అంచనా వేసింది పచ్చి ఆకు. అవతలివాళ్లు అడిగింది ఎండు ఆకు.

పచ్చి పుదీనాలో ఎనభై శాతానికి పైనే నీళ్లు ఉంటాయి. అంటే ఐదారు కిలోలు ఆరబెడితే ఒక కిలో చేతికొస్తుంది. అందులోంచి కాడలు ఏరేయాలి, నల్ల ఆకు తీసేయాలి, జల్లెడ పట్టి దుమ్మూ నుసీ వదిలించుకోవాలి. మిగిలింది చూసి బాబాయి మొహం మాడిపోయింది. "ఇంత తరుగు పోతుందని నాకు ఒక్క మాట చెప్పలేదేం అన్నయ్యా?" అని నాన్న మీద ఎగిరాడు. "నువ్వు అడిగావా?" అన్నారు నాన్న. అమ్మ మధ్యలోకి వచ్చి ఇద్దరినీ బయటికి పంపించింది. చివరికి కొనుగోలుదారుకి ఫోన్ చేసి ఉన్నంత మేరకే ఇవ్వగలమని చెప్పాల్సి వచ్చింది. ఆయన మర్యాదస్తుడు, తీసుకున్నాడు. మళ్లీ మాత్రం ఆర్డర్ ఇవ్వలేదు.

ఆ తర్వాత గోడ మీద పెద్ద చార్టు ఒకటి వెలిసింది. ప్రతి మూలికకూ పచ్చి తూకం, ఎండు తూకం, ఏరాక తూకం అని మూడు గడులు. ప్రతి కోతకూ నింపుతాం. ఒకే మొక్కకు కూడా వానల్లో ఒక నిష్పత్తి వస్తుంది, వేసవిలో ఇంకోటి. వేర్లకు ఆకులంత తరుగు ఉండదు, కానీ శతావరి లాంటి నీటి దుంపలకు మళ్లీ ఎక్కువ. బాబాయి ఇప్పుడు ఆ చార్టును ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతాడు, మూడో గడి చూడకుండా ఎవరికీ మాట ఇవ్వడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ బూజు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

పుదీనా, తులసి ఆకు చేత్తో నలిపితే పొడి అవుతోంది కాబట్టి ఆరిపోయిందనుకుని, కాడలతో సహా డబ్బాల్లో నింపి మూత బిగించాం. కొన్నాళ్లకు ఒక డబ్బా మూత తీస్తే ముక్కిన వాసన కొట్టింది. లోపల ఆకులు మెత్తబడ్డాయి, కాడల చుట్టూ బూడిదరంగు నూగు. ముందు డబ్బా తడిగా ఉందేమో అనుకున్నాం. అన్ని డబ్బాలూ తీసి చూస్తే చాలావాటిలో అదే వరస.

ఆకు ఆరినంత తొందరగా కాడ ఆరదు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల నీరు అలాగే ఉంటుంది. మూత పెట్టాక ఆ నీరు మెల్లగా బయటికి వచ్చి చుట్టూ ఉన్న పొడి ఆకులోకి పోతుంది. అప్పటికి మనం లేబుల్ కూడా అంటించేసి ఉంటాం. కాడను వంచితే వంగకూడదు, టప్పున విరగాలి. ఇది అందరూ చెప్పే పరీక్షే, మాకు చెప్పేవాళ్లు లేక తెలియలేదు. విరిగితే కూడా వెంటనే ప్యాక్ చేయకూడదు. ఆరిన సరుకును శుభ్రమైన పెద్ద డబ్బాలో వదులుగా నింపి, మూత పెట్టి, కొన్ని రోజులు రోజూ కలుపుతూ చూడాలి. లోపలి గోడకు చెమ్మ పట్టినా, ఆకు మళ్లీ మెత్తబడినా తిరిగి బల్ల మీదికే. ఈ కొన్ని రోజుల్లో ఎక్కువ ఆరిన ముక్కలూ తక్కువ ఆరిన ముక్కలూ ఒక మట్టానికి వస్తాయి.

శతావరి దుంపలది ఇంకా గడుసు వ్యవహారం. ఉడకబెట్టి, పై తోలు ఒలిచి, నడిమి పీచు లాగేసి ఆరబెట్టాలి. ఈ ఒలవడం అమ్మా పిన్నీ కూర్చుని చేస్తారు, వేళ్లు నానిపోతాయి. ఒకసారి వాన మబ్బు పట్టిందని తొందరపడి, హీటరు గదిలో వేడి బాగా పెంచి ఆరబెట్టాం. దుంపలు పైకి గట్టిగా, రాయిలా అయ్యాయి. గట్టిగా ఉంది కాబట్టి ఆరిందనుకోవడం సహజమే కదా. ఒకదాన్ని అడ్డంగా కోస్తే మధ్యలో ఇంకా మెత్తగా, తేనెరంగులో జిగురుగా ఉంది. వేడి మరీ ఎక్కువైతే పైపొర ముందే బిగుసుకుపోయి లోపలి నీటిని బయటికి రానివ్వదు. అలాంటి దుంప లోపలి నుంచి కుళ్లుతుంది, పైకి ఏమీ తెలియదు. ఇప్పుడు దుంపలు సన్నగా కోసి, మొదట తక్కువ వేడితో మొదలుపెట్టి, తర్వాత పెంచుతాం. ప్రతి బల్ల నుంచీ రెండు మూడు ముక్కలు అడ్డంగా విరిచి చూశాకే దించుతాం.

కంటికి కనిపించేదానితో ఎన్నాళ్లని నెట్టుకొస్తాం అని, తర్వాత కొలిచే పద్ధతి పెట్టుకున్నాం. కొంచెం సరుకు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో తూకం ఇక తగ్గదనేదాకా ఉంచి, మళ్లీ తూస్తే ఎంత తగ్గిందో అంత తేమ అని లెక్క. మామూలు ఎండు మూలికల్లో ఇది పది, పన్నెండు శాతం దాటకూడదు. వాసన ఉన్న ఆకుల్లో తగ్గిన తూకంలో కొంత తైలం కూడా ఉంటుంది, అయినా ఇంట్లో నిర్ణయాలకు ఈ కొలత చాలు. పెద్ద కొనుగోలుదారులు అడిగేది ఇంకొకటి ఉంది, వాటర్ యాక్టివిటీ అంటారు. సరుకులో ఎంత నీరుందన్నది కాదు, అందులో సూక్ష్మజీవులకు అందుబాటులో ఎంతుందన్నది అది చెబుతుంది. 0.6 కన్నా తక్కువ ఉంటే ఏ బూజూ ఏ బ్యాక్టీరియా పెరగలేదు. ఆ పరికరం మా దగ్గర లేదు, శాంపిల్ ల్యాబుకు పంపిస్తాం.

బూజు పట్టిన సరుకును మళ్లీ ఎండలో వేసి, దులిపి అమ్మేయొచ్చని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఇది మాత్రం చేయకండి. కొన్ని బూజులు ఆఫ్లాటాక్సిన్ లాంటి విషాలు తయారు చేస్తాయి, అవి ఎండకూ మామూలు వేడికీ పోవు. నూగు దులిపితే పోయేది నూగే, విషం కాదు. ఆ డబ్బాలన్నీ గుంట తీసి పూడ్చిపెట్టాం. నాన్న ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

పురుగుల కథ చిన్నదే. అశ్వగంధ వేర్లు గోనె సంచుల్లో పెట్టి గది మూలన పడేశాం, వేరు కదా ఏమవుతుందని. కొన్ని నెలలకు సంచి కదిపితే కింద సన్నటి పొడి రాలింది, వేర్లకు గుండ్రటి చిన్న కన్నాలు. సిగరెట్ బీటిల్ అనే గోధుమరంగు పురుగు. పొగాకును కూడా వదలని పురుగుకు అశ్వగంధ ఒక లెక్కా? మందు కొట్టే ప్రశ్నే లేదు, తినే సరుకు కదా. సరుకును గాలి చొరని కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చల్లటి సరుకు మీద గాలిలోని చెమ్మ నీటిబొట్లై పడుతుంది. ఇంకో మార్పు ఏమిటంటే, పాత సరుకు ముందు వరసలో, కొత్తది వెనక. చెప్పుకోవడానికి సిగ్గేసేంత మామూలు విషయం. కానీ ఇంట్లో ఐదుగురు ఒకే గదిలో సరుకు పెట్టి తీస్తుంటే ఇదే ముందు గాలికి పోతుంది.

పొడులు. అందరూ పొడే అడుగుతారు, వాడటం సులువు కాబట్టి. మరకు తీసుకెళ్లినప్పుడు ఒకేసారి ఎక్కువ పట్టిస్తే కలిసొస్తుందని సీజన్ మొత్తానికి సరిపడా తులసి పొడి పట్టించాం. పట్టిస్తున్నప్పుడు మర చుట్టూ ఘుమఘుమలాడిపోయింది. "ఎంత వాసనో చూడు" అని బాబాయి మురిసిపోయాడు. అప్పుడు గాలిలో కలిసిపోతున్నది మా సరుకులోని తైలమేనని ఎవరికీ తట్టలేదు. సీజన్ సగానికి వచ్చేసరికి పొడి ఉత్త ఆకుపచ్చ దుమ్ము. ఆకు ఎంత చిన్న ముక్కలైతే గాలికి అంత ఎక్కువ ఒళ్లు చూపిస్తుంది, అంత తొందరగా పస పోతుంది. ఇప్పుడు నిల్వ ఉంచేది ఆకుగా, వేరుగా. పొడి మాత్రం ఆర్డర్ వచ్చినంత మేరకే, కొద్దికొద్దిగా.

మరతో ఇంకో తలనొప్పి ఉంది. ఒక కొనుగోలుదారు "మీ తులసి పొడి నాలుక మీద మండుతోంది" అని రాశారు. మాకు ముందు ఎవరో ఘాటైన సరుకు పట్టించుకుని వెళ్లారు, మర వాడు పైపైన దులిపాడు. మంట పుట్టింది కాబట్టి తెలిసింది. అదే ఎవరికైనా ఒంటికి పడని గింజ ఏదైనా అయితే ఎంత ప్రమాదమో! తర్వాత చిన్న గ్రైండరు ఒకటి కొని మా సరుకుకు మాత్రమే వాడుతున్నాం. ఒక మూలిక నుంచి ఇంకోదానికి మారేటప్పుడు విప్పి కడిగి పూర్తిగా ఆరబెడతాం. ముందు వచ్చే గుప్పెడు పొడి పారబోస్తాం.

మా పెరట్లో పండనివి కొన్ని బయట నుంచి కొనేవాళ్లం. ఒకసారి తిప్పతీగ ముక్కలు వచ్చాయి. ఎండిపోయి, అంగుళం పొడవున కోసిన కాడలు. నాయనమ్మ వాకిట్లో కూర్చుని ఏరుతూ, "ఒరేయ్, ఇది మన తీగ కాదురా" అంది. మేం పెద్దగా పట్టించుకోలేదు, ఎండితే ఏదైనా కొంచెం వేరేగా కనిపిస్తుంది అనుకున్నాం. ఆవిడ ఊరుకోలేదు, పెరట్లో ఉన్న తీగ ముక్క తెంపి తెచ్చి పక్కన పెట్టింది. మా తీగకు పైన కాగితంలాంటి పలచటి పొర, గోటితో గీకితే ఊడొస్తుంది, కింద ఆకుపచ్చ. వచ్చిన సరుకు కాడ నిండా బుడిపెలు, చేత్తో నిమిరితే గరగరలాడుతోంది.

తిప్పతీగ వృక్షశాస్త్రం లెక్కలో టైనోస్పోరా కార్డిఫోలియా. బుడిపెల కాడది టైనోస్పోరా క్రిస్పా, దగ్గరి చుట్టమే. క్రిస్పా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కార్డిఫోలియా వాడినవారిలోనూ అలాంటివి కొన్ని చెప్పారు, దాని మీద వాదోపవాదాలు నడిచాయి. ఏది ఏమైనా ఒకటి అడిగినవాళ్లకు ఇంకోటి ఇవ్వకూడదు. సరుకు వెనక్కి పంపించాం. అమ్మినాయన "రెండూ ఒకటేనండీ, అందరూ తీసుకుంటారు" అన్నాడు. ఆ 'అందరూ' అన్న మాటకే నాకు భయమేసింది.

ఇలాంటి పొరపాటు ఎంత దూరం వెళ్తుందో బెల్జియంలో జరిగింది చదివితే తెలుస్తుంది. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన మందుల్లో స్టెఫానియా టెట్రాండ్రా అనే మూలిక ఉండాల్సిన చోట అరిస్టోలోకియా ఫాంగ్చీ వచ్చిపడింది. చైనాలో ఈ రెండింటి వాడుక పేర్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అరిస్టోలోకియాలోని ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వందమందికి పైగా జబ్బుపడ్డారు, చాలామందికి డయాలసిస్సో కిడ్నీ మార్పిడో అవసరమైంది, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. వాళ్లలో ఎవరూ తప్పుడు సరుకు అడగలేదు.

అందుకే ఇప్పుడు కొనేటప్పుడు వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం, మొక్కలో ఏ భాగం, ఎక్కడ ఎప్పుడు కోశారు అన్నవి కాగితం మీద రాసివ్వమంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఔషధ మొక్కల సాగు, సేకరణల మీద మార్గదర్శకాలు వేసింది, ఇలాంటి రాతకోతల గురించి అందులోనూ చెప్పింది. రాసివ్వని వాళ్ల దగ్గర కొనం. పొడి అసలు కొనం. అశ్వగంధ వేరు పొడిలో అదే మొక్క ఆకులూ కాడలూ కలిపేయడం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే, పొడి అయ్యాక కంటితో ఎవరు పట్టుకోగలరు? ల్యాబు పరీక్షే దిక్కు.

రాతకోతలంటే ఇంట్లో మొదట అందరూ నవ్వారు. "మనింట్లో మనకే బ్యాచ్ నంబర్లా?" అన్నాడు బాబాయి. ఒకావిడ నేలవేము ప్యాకెట్‌లో ఇసుక తగులుతోందని ఫిర్యాదు చేశారు. ఎప్పుడు కోసింది, ఎవరు కడిగారు, ఆ కోత ఇంకా ఎవరెవరికి వెళ్లింది, ఏదీ చెప్పలేకపోయాం. నెలల తరబడి కోసిందంతా ఒకే డబ్బాలో కలిపేశాం మరి. ఒక్క ప్యాకెట్ కోసం డబ్బా మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పుడు బాబాయే వెళ్లి స్టిక్కర్లు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు ప్రతి కోతకూ ఒక నంబరు, ఆ నంబరు బల్ల మీద, డబ్బా మీద, ప్యాకెట్ మీద ఉంటుంది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక గుప్పెడు సరుకు చిన్న సీసాలో తీసి విడిగా దాస్తాం, ఎవరైనా ఏమైనా అంటే పోల్చి చూసుకోవడానికి. చెల్లి ఆ సీసాల అలమరాను తన గది పక్కనే పెట్టించుకుంది, మమ్మల్ని దగ్గరికి రానివ్వదు.

చెల్లి మొదట్లో రాసిన లేబుళ్లు ఇప్పుడు తలచుకుంటే నవ్వూ టెన్షనూ రెండూ వస్తాయి. షుగర్ తగ్గిస్తుంది, బీపీ అదుపులో ఉంచుతుంది, ఒత్తిడి మాయం. తను కల్పించిందేమీ కాదు, అందరూ అనేదే అందంగా రాసింది. ఫలానా జబ్బు నయం చేస్తుందని రాసిన మరుక్షణం, చాలా దేశాల చట్టాల లెక్కలో అది ఆకు కాదు, మందు. మందుకు లైసెన్సు వేరు, రుజువులు వేరు. తెలిసిన లాయరు ఒకాయన చూసి తలపట్టుకున్నారు. అచ్చైన లేబుళ్ల మీద నల్ల స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చున్నాం.

చట్టం సంగతి అటుంచినా, అతిమధురం గురించి తెలిసినప్పుడు నాకు నిజంగా వణుకొచ్చింది. పేరుకు తగ్గట్టే తియ్యగా ఉంటుంది, గొంతుకు మంచిదని అందరూ వాడతారు. అందులోని గ్లైసిరైజిన్ అనే పదార్థం ఎక్కువ రోజులు ఎక్కువగా ఒంట్లోకి పోతే ఉప్పూ నీరూ నిలిచిపోయి, పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది. బీపీ మందులు వాడే పెద్దవాళ్లు మా దగ్గర ఎంతమంది కొన్నారో! ఇప్పుడు ఆ ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉంటుంది. "మా నాన్నగారికి ఇది వాడొచ్చా?" అని ఫోన్ వస్తే, ఆయన డాక్టరును అడగమంటాం, గర్భిణులైతే మరీ. బాబాయికి ఇది కష్టం. అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పి పంపడం ఆయన స్వభావం. అందుకని ఫోన్లు ఇప్పుడు అమ్మ తీస్తుంది.

డబ్బు సంగతి కొంచెం. మొదట్లో ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ ఒకే డబ్బాలోంచి వచ్చి పోయేది. ఎవరికీ జీతం లేదు, మన పనే కదా అని. దానివల్ల సరుకు ధర తప్పుగా కట్టాం. ఏరడానికి అమ్మా పిన్నీ పెట్టిన గంటలు మా లెక్కలో ఎక్కడా లేవు, కాబట్టి లాభం వస్తోందనుకున్నాం. సాయంగా బయటి మనిషిని పెట్టుకోవాల్సి వచ్చి ఆ కూలి లెక్క వేస్తే, కొన్ని ప్యాకెట్లు నష్టానికి అమ్ముతున్నామని తేలింది. చిన్న ఆకుల ఏరుడు అన్నిటికన్నా దారుణం. అందరికీ, నాయనమ్మతో సహా, గంట లెక్కన జీతం రాయడం మొదలుపెట్టాం. నాయనమ్మ తీసుకోనంది, తర్వాత తీసుకుంది, ఇప్పుడు ఆలస్యమైతే అడుగుతుంది.

మూలికల జాబితా కూడా సగానికి పైగా కుదించాం. ఎవరు ఏది అడిగితే అది పెంచేయడం నాన్నకు సరదా. కానీ ప్రతి కొత్త మూలికకూ వేరే ఆరుదల, వేరే నిల్వ, వేరే చార్టు గడి. కొత్తది ఏదైనా ముందు ఒక్క బల్ల మేరకే పెంచి, ఆరబెట్టి, డబ్బాలో ఒక వానాకాలం గడిపాక చూసి నిర్ణయిస్తాం. పుదీనాను విడిగా, చుట్టూ గట్టు కట్టిన మడిలో పెట్టాం. దాని వేరు కాడలు పక్క మడిలోకి పాకి మా సరస్వతి ఆకును మింగేశాయి. రెండు రకాల పుదీనా అయితే అసలు పక్కపక్కన పెట్టం, అల్లుకుపోయాక ఏది ఏదో నాన్న కూడా చెప్పలేకపోయారు. పెప్పర్‌మింట్‌కు మొలిచే విత్తనం దాదాపు రాదు, అది రెండు పుదీనాలు కలిసి పుట్టిన సంకరం. దాని పేరుతో విత్తనాల ప్యాకెట్ ఎవరైనా అమ్మితే కొనకండి, కాడ ముక్క తెచ్చుకుని నాటుకోండి.

ప్రస్తుతం ఇంట్లో నడుస్తున్న గొడవ డ్రయ్యరు మీద. వేడినీ గాలినీ తనే చూసుకునే పెద్ద యంత్రం కొందామని బాబాయి, దానికి అప్పు చేయాలి కాబట్టి వద్దని నాన్న. ఒక కోతలో సగం అద్దె డ్రయ్యరులో ఆరబెట్టి, మిగతా సగం మా గదిలో ఆరబెట్టి, రెండింటి తేమా తైలమూ ల్యాబులో చూపించాలని నేనూ చెల్లీ అన్నాం. శాంపిళ్లు పంపించాం. ఫలితం వచ్చేదాకా వాళ్లిద్దరూ ఆ మాట ఎత్తకూడదని అమ్మ షరతు పెట్టింది.